‘స’ను ‘చ’ చేసిన రోజు

కర్నూలులో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను నోరు తెరవడానికి భయపడ్డాను. హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే ఒకమ్మాయి, "ఏమన్నావు? సెప్పులా? ఇంకోసారి అను" అంది. అమాయకంగా ఇంకోసారి అన్నాను. గదిలో ఉన్న నలుగురూ పడీ పడీ నవ్వారు. చెప్పులను సెప్పులనీ, చీరను సీరనీ, చిన్నను సిన్ననీ అనడం తప్పని ఎమ్మిగనూరులో నాకెవరూ చెప్పలేదు. మా నాయన మగ్గం మీద నేసేది సీరే, మా అమ్మ కట్టుకునేదీ సీరే.

ఆ రోజు నుంచి ప్రతి మాటనూ నోట్లోనే ఒకసారి తడిమి చూసుకుని, ‘స’ తగిలితే ‘చ’ చేసి బయటికి వదిలేదాన్ని. ఆ కంగారులో ఒక్కోసారి మంచి ‘స’ను కూడా మార్చేసేదాన్ని. ఒక ఆదివారం సంతకు పోతున్నానని చెప్పబోయి చంతకు అన్నాను. అప్పుడు ఇంకా ఎక్కువ నవ్వారు.

డిగ్రీ అయి ఇంటికొచ్చాక ఆదోనిలో కొత్తగా తెరిచిన కంప్యూటర్ సెంటర్‌లో పని దొరికింది. ఎనభైల చివర్లో సంగతి ఇది. బట్టల దుకాణం పైన ఒకే ఒక్క గది, అందులో ఒకే ఒక్క కంప్యూటర్, ఒక ప్రింటర్. చెప్పులు మెట్ల కిందే విడిచి రావాలి. పత్తి వచ్చే కాలంలో కిటికీ తెరిస్తే దూది పింజలు ఎగిరొచ్చి కీబోర్డు మీద వాలేవి. అందుకని ఎంత ఉక్కపోసినా కిటికీలు మూసే ఉంచేవాళ్లం. సెంటర్ నడిపే సార్ హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాడు. ఆయన నాకు నేర్పాలి, నేను చేరినవాళ్లకు నేర్పాలి. ఆయనకు రెండు పాఠాలు వెనకా, చేరినవాళ్లకు రెండు పాఠాలు ముందూ నెట్టుకొచ్చేదాన్ని.

నేను సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాం పదమూడు వరసలది. ఏ అక్షరాన్ని మార్చాలి, దాని బదులు ఏది పెట్టాలి అని అది ముందు అడుగుతుంది. తర్వాత మీరు కీబోర్డు మీద ఏదైనా టైపు చేస్తారు. దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంది. చెప్పిన అక్షరం కనిపిస్తే తీసేసి కొత్తది పెడుతుంది, లేకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుతుంది. అంతకన్నా దానికేమీ రాదు. అప్పటికి నాకూ రాదు.

కంప్యూటర్ అంటే ఏమిటో చూద్దామని వచ్చేవాళ్లందరికీ సార్ ఆ ప్రోగ్రామే చూపించేవాడు. ఒక పత్తి వ్యాపారి తన పేరు టైపు చేయించుకుని, ఇంగ్లీషు ‘ఎ’ ఉన్న చోటల్లా చుక్కలు పెట్టించుకుని, "నా పేరు నేనే గుర్తుపట్టకుండా సేసిందే ఇది!" అని సంబరపడిపోయాడు. ఆయన వెళ్లాక నేను మళ్లీ మళ్లీ ఆ పదమూడు వరసలు చదువుకున్నాను. అవి నావి అని నమ్మబుద్ధి కాలేదు.

మాతో పాటు ఒక అక్క పనిచేసేది. ముస్లింల ఇంటి ఆడమనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. పక్క సందులోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చాలాకాలం చేసి మా దగ్గరికొచ్చింది. తెర వైపు చూసేదే కాదు. కాగితం మీద చూపు, కీబోర్డు మీద వేళ్లు. నా ప్రోగ్రాం చూపిస్తే ఒక నిమిషం చూసి, "బాగుంది పాపా. కానీ అది సదవడం లేదు, ఎతకడమే కదా" అంది. నాకు కొంచెం కోపమొచ్చింది.

ఆ చలికాలంలో ఆదోనిలో ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టారు. కంట్లో పొర వచ్చి చూపు పోయిన ముసలివాళ్లకు ఒక బడిలో ఆపరేషన్లు చేస్తారు. ముందుగా పెద్దకడుబూరు, దేవనకొండ, ఆస్పరి వైపు పల్లెలకు పోయి, టార్చిలైటు వేసి కళ్లు చూసి, ఆపరేషన్ పనికొచ్చేవాళ్ల పేర్లు చీటీల మీద రాసుకొచ్చారు. లిస్టు తయారుచేసే పని మా సెంటర్‌కు వచ్చింది. నాలుగు వందల పైచిలుకు పేర్లు. మా కంప్యూటర్‌కు తెలుగు రాదు కాబట్టి అక్క నాలుగు రోజులు కూర్చుని అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. పేరు, ఊరు, వయసు. కొట్టడం అయిపోయిన చీటీలను మెట్ల కింద చెత్తలో వేశాం. దుకాణంవాళ్లు ఏ రోజుకారోజు వాటిని తగలబెట్టేవాళ్లు. ఇంక వాటితో పనేముందిలే అనుకున్నాం.

శిబిరానికి ముందురోజు మధ్యాహ్నం శిబిరం కార్యదర్శి లిస్టు కోసం వచ్చాడు. ఆయన కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చి, ఇక్కడే రిటైరై స్థిరపడిన తెలుగు మాస్టారు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు. నిజంగా మంచి మనిషి. ఆ శిబిరం కోసం రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగాడు. సార్ ఆ రోజు ఊళ్లో లేడు. అక్క కూతురికి జ్వరమని అప్పుడే ఇంటికి పోయింది. నేనొక్కదాన్నే ఉన్నాను.

"ప్రింటు తీసేముందు ఒకసారి తెర మీద చూపించమ్మా" అన్నాడు మాస్టారు.

చూపించాను. నా భుజం మీదుగా వంగి రెండు పేజీలు చదివి, కళ్లద్దాలు తీశాడు.

"ఇదేమిటమ్మా? ఎక్కడ చూసినా సిన్న, సెన్న! మనుషుల పేర్లా ఇవి?"

"పల్లెల్లో అట్లనే అంటారు సార్. చీటీల్లో అట్లనే రాసినారు."

"వాళ్లంటే చదువు లేనివాళ్లు. నువ్వు డిగ్రీ చదివినదానివి కదా. రేపు ఎక్కడెక్కడి నుంచో పెద్ద డాక్టర్లు వస్తున్నారు. ఈ లిస్టు చూసి మన గురించి ఏమనుకుంటారు?"

ఆయన కసురుకోలేదు, బాధపడ్డాడు. నాకు మాత్రం హాస్టల్ గదిలో నిలబడినట్టే అయింది.

"సరేలే, ప్రింటు తీసివ్వు. కలం పెట్టి దిద్దుకుంటాను" అన్నాడాయన.

"దిద్దే పని లేదు సార్. నా దగ్గర ప్రోగ్రాం ఉంది. ఒక్క నిమిషంలో మార్చేస్తాను."

ఆ మాట ఎంత ధీమాగా అన్నానో నాకిప్పటికీ గుర్తుంది. టైపు చేసే మాటలకు బదులుగా ఫైలులోని వరసలను తీసుకునేటట్టు ప్రోగ్రాంలో రెండు మూడు చోట్ల మార్చాను. ఏ అక్షరం మార్చాలని అది అడిగింది. ‘ఎస్’ కొట్టాను. బదులు ఏది పెట్టాలంది. ‘సి.హెచ్.’ కొట్టాను.

అన్ని ఎస్‌లూ మార్చాల్సినవి కావన్న సంగతి నాకు తట్టలేదని చెప్పలేను. తట్టింది. ఎస్ పక్కన ఏ అక్షరం ఉందో చూసుకుని, అప్పుడు మార్చమని చెప్పాలి. కానీ పక్క అక్షరాన్ని చూడమని దానికి ఎలా చెప్పాలో నాకు రాదు. రాదని మాస్టారుతో అనలేకపోయాను. ఎన్నో ఉండవులే అనుకున్నాను. మీట నొక్కాను. కొత్త ఫైలు తయారయ్యాక, ఒకే లిస్టు రెండు రకాలుగా ఉంటే గందరగోళమవుతుందని పాతదాన్ని చెరిపేశాను.

మొదటి పేజీ మాస్టారుకు చూపించాను. అది పెద్దకడుబూరు వైపు ఊళ్లది. సిన్నలన్నీ చిన్నలయ్యాయి, సెన్నలన్నీ చెన్నలయ్యాయి.

"ఇదీ మాటంటే!" అన్నాడాయన. "నీలాంటి పిల్లలు నలుగురుంటే చాలు, ఈ ప్రాంతం బాగుపడుతుంది."

ప్రింటర్ కరకరమంటూ కాగితం కక్కుతుంటే ఇద్దరం నిలబడి చూశాం. మిగతా పేజీలు ఆయనా చదవలేదు, నేనూ చదవలేదు. ఆయన కాగితాలను చుట్టి గొడుగుతో పాటు చంకలో పెట్టుకుని వెళ్లాడు. నేను అయిదు గంటల బస్సుకు ఎమ్మిగనూరు పోయి, ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పుకున్నాను. రేపు శిబిరంలో నా లిస్టే చదువుతారని కూడా చెప్పాను.

మరుసటి రోజు పొద్దున, చూద్దామని పనిగట్టుకుని శిబిరానికే పోయాను. పది గంటలవుతోంది. బడి వరండా నిండా, ముందరి ఆవరణ నిండా ముసలివాళ్లు. ట్రాక్టర్లలో, బస్సుల్లో తెల్లవారకముందే బయలుదేరి వచ్చారు. కొందరి వెంట కొడుకో కోడలో ఉన్నారు. చాలామందిని ఊరివాళ్లు తెచ్చి వరసగా కూర్చోబెట్టి, టీ తాగడానికి బయటికి పోయారు. అందరి ముఖాలూ మైకు వైపు తిరిగి ఉన్నాయి. చూడ్డానికి కాదు, వినడానికి. పేరు పిలిస్తే లేచి పలకాలి, పలికినవాళ్లకు నంబరు బిళ్ల ఇస్తారు, బిళ్ల ఉన్నవాళ్లను లోపలికి తీసుకుపోతారు. అదీ పద్ధతి.

మైకు దగ్గర డాక్టర్లతో పాటు వచ్చిన ఒకాయన లిస్టు చదువుతున్నాడు. ఈ ప్రాంతం మనిషి కాదు. కాగితంలో ఎలా ఉంటే అలాగే, అక్షరం పొల్లుపోకుండా, చక్కగా చదువుతున్నాడు. ఒక పేరు మూడుసార్లు పిలిచి, ఎవరూ పలక్కపోతే ఎర్ర పెన్సిలుతో కొట్టేసి తర్వాతి పేరుకు పోతున్నాడు. రానివాళ్లు చాలామందే ఉన్నారనుకున్నాను. ఇంత చేసి కబురు పెడితే రాకపోవడమేమిటని మనసులో విసుక్కున్నాను కూడా.

అప్పుడాయన, "ఆచ్పరి వాళ్లు" అన్నాడు.

ఎవరూ కదలలేదు. "ఆచ్పరి. ఆచ్పరి నుంచి వచ్చినవాళ్లు ఎవరూ లేరా?"

ఆచ్పరి అనే ఊరు ఎక్కడుందా అని నేనూ ఒక క్షణం ఆలోచించాను. ఆ తర్వాత తట్టింది. ఆస్పరి. ఆస్పరిలో ఎస్ ఉంది.

అప్పుడు వినడం మొదలుపెట్టాను. షేక్ అని ఉండాల్సిన చోట నోరు తిరగని మాటేదో వస్తోంది. సాహెబ్ కాస్తా చాహెబ్ అయింది. ఒకాయన పేరు మధ్యలో ఉన్న రెండు ఎస్‌లూ మారి, కన్నడం తెలిసినవాళ్ల చెవికి పిచ్చివాడు అన్నట్టుగా వినిపించింది. నలుగురైదుగురు గట్టిగా నవ్వారు. ఆ పేరు గల పెద్దాయన ఆ నవ్వినవాళ్లలోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. అది తన పేరని ఆయనకు తెలియదు.

ఇంకో ఘోరం కూడా ఉంది. సిన్న అని పిలిస్తే లేచే మనుషులు కొందరు చిన్న అని పిలిస్తే లేవలేదు. డెబ్బై ఏళ్లుగా ఒకలాగే విన్న పేరు, కళ్లు కనిపించని చోట, మైకులో, తెలియని గొంతులో ఇంకోలా వినిపిస్తే తమది కాదనుకున్నారు. మేం సరిచేశామనుకున్నది కూడా సరి కాదు.

పరుగెత్తి మాస్టారు దగ్గరికి పోయాను. ఆయన డాక్టర్లకు భోజనాల ఏర్పాట్లు చూస్తున్నాడు.

"సార్, లిస్టు తప్పు. పిలిచే పేర్లు వాళ్లవి కావు. ఆపమని చెప్పండి."

ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక భోజనాల పని వదిలేశాడు. మైకు దగ్గరికి పోయి, చదువుతున్న మనిషి చెవిలో ఏదో చెప్పి, మైకు తీసుకుని, "అయ్యా, అమ్మా, కంప్యూటర్ తప్పు చేసింది. పేర్లు కొన్ని మారిపోయాయి. ఎవరూ కంగారుపడకండి" అన్నాడు.

కంప్యూటర్ తప్పు చేసింది. ఆ మాట వరండా అంతా పాకింది. "ఏందో మిసనంట, అది తప్పు సేసిందంట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎవరికీ కోపం రాలేదు. నేను మైకుకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. నోరు తెరవలేదు.

లిస్టు కాగితాలు తీసుకుని జనంలోకి పోయాను. ఒక్కొక్కరి ముందూ కూర్చుని, "నీ పేరేంది పెద్దమ్మా? మీది యావూరు తాతా?" అని అడిగి, ఊరూ వయసూ పోల్చుకుని, కొట్టేసిన పేర్లలోంచి వెతికి, కొందరిని లేపి తీసుకుపోయాను. పన్నెండు మందో పదమూడు మందో. అంతలో ఒక నర్సు బయటికొచ్చి, ఈ రోజుకు చేయగలిగినంత మంది అయిపోయారని చెప్పింది. పలకనివాళ్ల చోట్లను పేర్లు రాయించుకోకుండా నేరుగా వచ్చినవాళ్లతో నింపేశారు. వాళ్లకూ కళ్లు కనిపించవు కదా, వాళ్లను లేపమని ఎలా అడగడం? డాక్టర్లు సాయంత్రం బండికి పోవాలి. మళ్లీ శిబిరం ఎప్పుడంటే, "చూద్దాం" అన్నారు.

గోడ నీడలో ఒక ముసలామె కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పెద్దకడుబూరు దగ్గరి పల్లె. ఒళ్లో గుడ్డలో కట్టుకున్న రొట్టె. ఊరివాళ్లు కొందరు బిళ్లలు దొరికి లోపలికి పోయారు. ఈమె మిగిలిపోయింది. ‘అవ్వా’ అన్న నా పిలుపు విని తల తిప్పింది.

"ఎవురు పాపా? నా పేరు ఇంగా పిలసలేదు. పొద్దన్నుంచి ఈడే కూసోనుండా."

పేరు అడిగాను. చెప్పింది. ఎస్‌తో మొదలయ్యే పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆమెదే కాదు, ఎవరిదీ రాయను. ఒకసారి నా చేతిలో పడి పాడైన పేర్లవి.

"పిలిచినారు అవ్వా. మొదటి కాగితంలోనే పిలిచినారు. కానీ వేరేగా పిలిచినారు."

"ఏరేగా అంటే?"

ఎలా పిలిచారో చెప్పాను. ఆమె ఆ మాటను రెండుసార్లు పెదవుల మీద అనుకుంది.

"అది నా పేరు కాదే. నాది బాప్తిస్మానికి పాస్టరయ్య పెట్టిన పేరు. మా ఊళ్లో ఇంకెవురికీ లేదు. దాన్ని మార్సినారా? యాల మార్సినారు పాపా?"

ఎందుకని అడిగిన ఆమె పక్కనే, ఆ గోడ నీడలో నేనూ కూర్చుండిపోయాను. మధ్యాహ్నం దాటాక ఆమె వెంట వచ్చిన కోడలు ఎక్కడి నుంచో వచ్చింది. ఆపరేషన్ లేదని తెలిసి ఏడుపు మొదలుపెట్టింది. ఆ రోజు పత్తి తీసే పని మానుకుని వచ్చిందట. ముసలామె కోడల్నే ఓదార్చింది. ఇద్దరూ బస్టాండు వైపు పోయారు. ముందు కోడలు, ఆమె భుజం మీద చెయ్యేసి వెనక ముసలామె.

నేను సెంటర్‌కు వచ్చేసరికి అక్క అక్కడే ఉంది. జరిగింది చెప్పాను. ఆమె మొదటిసారి తెర ముందు కూర్చుని, తాను కొట్టిన లిస్టును మొదటి నుంచి చివరిదాకా చదివింది. తమవాళ్ల పేర్లన్నీ ఏమయ్యాయో చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"మల్లా ఎనక్కి మార్సు పాపా. సి.హెచ్. ఉన్న తావంతా ఎస్ పెట్టు" అంది.

పెట్టాను. పక్క అక్షరాన్ని కూడా చూడమని చెప్పడం అప్పుడే సార్ పుస్తకంలో వెతికి నేర్చుకున్నాను. ఆస్పరి ఆస్పరి అయింది. సాహెబ్ సాహెబ్ అయ్యాడు. కానీ మొదటి నుంచీ ‘చ’ ఉన్న పేర్లు కూడా ‘స’ అయిపోయాయి. ఏది పుట్టుకతో ‘చ’నో, ఏది నేను చేసిన ‘చ’నో చెప్పడానికి తెర మీద ఏ గుర్తూ లేదు. తెల్ల నూలునూ పచ్చ నూలునూ ఒకే నల్లరంగు తొట్టిలో ముంచితే మా నాయనైనా మళ్లీ విడదీయలేడు. ఎన్ని రకాలుగా ప్రయత్నించానో. సాయంత్రం బస్సు వేళయ్యేదాకా మార్చడం, చదవడం, మళ్లీ మార్చడం. ప్రతిసారీ ఎవరో ఒకరు బాగుపడేవాళ్లు, ఇంకెవరో పాడయ్యేవాళ్లు.

"నీకు గుర్తున్నవి చెప్పక్కా" అని బతిమాలాను.

"నేను కొట్టింది సేతుల్తో పాపా. పేర్లు సేతుల్లోంచే పోయినాయి. తలలోకి యాడ వచ్చినాయి?" అంది అక్క. ఆమె కళ్లలో నీళ్లు చూసి నేను అడగడం మానేశాను.

ఇంక మిగిలిన దారి ఒకటే, మనుషులనే అడగడం. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు ఆదివారాలు నేనూ అక్కా బస్సెక్కి పల్లెలకు పోయాం. మాస్టారు కూడా రెండుసార్లు వచ్చాడు. ఎండలో గొడుగు పట్టుకుని, చదువు రానివాళ్ల గడపల ముందు కూర్చుని, వాళ్లు పలికినట్టే రాసుకున్నాడు. ఎక్కడా సరిదిద్దలేదు. ఒకచోట మాత్రం కలం ఆపి, "నాకెందుకమ్మా ఆ రోజు అంత పట్టుదల!" అన్నాడు. ఆయన పట్టుదల కంటే నా సిగ్గు పెద్దదని నాకు తెలుసు.

కొన్ని ఇళ్లలో మేం అడిగిన మనిషి లేడు. పోయినాడన్నారు. ఆ పేర్లను ఏమి చేయాలో తెలియక అలాగే రాసుకున్నాం.

పెద్దకడుబూరు దగ్గరి పల్లెకు పోయినప్పుడు ముసలామె ఇంటి ముందు నేలమీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. చేతులు చకచకా ఆడుతున్నాయి. నా గొంతు గుర్తుపట్టింది. ఆ రోజు ఆమెకు చెప్పేశాను.

"అవ్వా, అది మిషన్ తప్పు కాదు. నేను చెప్పినట్టే చేసింది. నీ పేరు మార్చింది నేనే."

ఆమె కాయలు ఒలవడం ఆపలేదు.

"నా మీద నీకేమన్నా కోపమా పాపా?"

"లేదవ్వా. నువ్వెవరో కూడా నాకు తెలీదు."

"తెలీకుండానే మార్సినావా?" అంది. ఇంకా ఏదో అంటుందని ఎదురుచూశాను. "సరే, ఐపాయ. మల్లా ఎప్పుడు పిలుస్తారో అది సెప్పు. ఎడమ కన్ను నొప్పెడతాంది. తల పగిలిపోతాంది రేత్రిపూట."

అదొక్కటే ఆమె నన్ను అడిగింది. అదొక్కటే నాకు తెలియదు. ఆదోనికి తిరిగొచ్చి మాస్టారుకు చెప్పాను. ఆయన ఎవరెవరికో ఉత్తరాలు రాశాడు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోదామని నేనొకసారి బండి మాట్లాడి ఊరికి పోతే, కొడుకు కూలికి దూరం పోయి ఉన్నాడు. ఆయన లేనిదే కదలనంది కోడలు. రెండోసారి పోయేసరికి నొప్పి తగ్గిందంది ముసలామె. తగ్గిందంటే నాకు సంతోషమేసింది. అది సంతోషించాల్సిన కబురు కాదని నాకప్పుడు తెలియదు.

శిబిరం మళ్లీ పెట్టడానికి ఏడాది దాటింది. ఈసారి లిస్టు తెలుగులో చేత్తో రాశాం. మైకు దగ్గర నేనే నిలబడి చదివాను. సిన్న అని ఉన్న చోట సిన్న అనే చదివాను. బడి ఆవరణలో ఒక్కొక్కరే "ఆ" అని పలికి లేస్తుంటే ఒక్కో పేరు పక్కనా గుర్తు పెట్టుకుంటూ పోయాను. లిస్టులో ఉన్నవాళ్లంతా మాత్రం రాలేదు.

ముసలామె వచ్చింది. డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన ఎడమ కంట్లో లైటు వేసి చూసి, నా వైపు తిరిగి మామూలుగానే చెప్పాడు. పొర ముదిరిపోయి కంట్లో వత్తిడి పెరిగిందని, లోపలి నరం చచ్చిపోయిందని, ఇంక దానికి చేసేదేమీ లేదని. "ఆ నొప్పి రాకముందు తెచ్చి ఉంటే చేసేవాళ్లం. కుడి కన్ను చేస్తాను" అన్నాడు.

కుడి కన్ను చేశారు. రెండో రోజు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టేముందు ఒకసారి చూడమన్నారు. ఆమె తల ఇటూ అటూ తిప్పి, కోడల్ని చూసి, తర్వాత నన్ను చూసింది.

"నువ్వేనా పాపా?"

"నేనే అవ్వా."

"ఇంత సిన్నపిల్లవా! గొంతు ఇని ఇంకొంచెం పెద్దదానివి అనుకుంటి." నా చెయ్యి పట్టుకుని కాసేపు ముఖంలోకి చూసింది. తర్వాత ఎడమ కంటి మీద వేలు పెట్టుకుని, "ఈ దానికి మల్లా ఎప్పుడు సేస్తారు?" అంది.

డాక్టర్ చెప్పిన మాట చెప్పాలి. చెప్పాలనే అనుకున్నాను. "కనుక్కుని చెప్తానవ్వా" అని లేచి, వరండా చివర కుండ దగ్గరికి పోయి, దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్లు తాగాను. ఆమె నల్లద్దాలు పెట్టుకుని నా వైపే చూస్తూ కూర్చుంది. మళ్లీ అడగలేదు.

సాయంత్రం బస్టాండులో బస్సు ఎక్కించేటప్పుడు కోడల్ని పక్కకు పిలిచి, "ఎడమ కన్ను ఇంక రాదంట. ఆమెకు నేను చెప్పలేకపోయినా. ఇంటికి పోయినాక నువ్వే మెల్లగా చెప్పు" అన్నాను.

"ఆమెకు తెలుసు గదక్కా" అంది కోడలు. "డాక్టర్ నీకు సెప్పేటప్పుడు ఆడనే కూసోనుండె. సెవులు బాగానే ఇనపడతాయి ఆమెకు. నీ నోటితో ఏం సెప్తావో ఇందామని అడిగింటాది."

బస్సు కదిలింది. ముసలామె కిటికీ పక్కన కూర్చుని, ఆ ఒక్క కంటితో ఆదోని అంగళ్లను చూసుకుంటూ పోయింది. ఇటు తిరగలేదు. నేను ఎమ్మిగనూరు బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.